చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్: మన బడి స్టోర్‌రూమ్ అనుభవం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. భోజనాలకి ముందు మాట్లాడేవాడి పరిస్థితి ఏమిటో మీకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

మన బడి స్టోర్‌రూమ్‌లో పాత బీరువా పక్కన పద్దెనిమిది చిన్న ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. కొన్నేళ్ల కిందట విరాళంగా వచ్చినవి. వాటిని పాత సామాన్ల వాడికి అమ్మేసి, స్వర్ణోత్సవ నిధితో కొత్తవి కొందామని కార్యవర్గంలో ప్రతిపాదన ఉంది. కొత్తవి ఆరు వస్తాయట. ఆ తీర్మానం చెయ్యడానికి ముందు నాకు రెండు నెలలు గడువు ఇమ్మని అడిగాను, ఇచ్చారు. ఆ రెండు నెలల్లో ఆదివారాలు కూర్చుని ఏం చేశామో చెప్పడమే ఈ ప్రసంగం. "చేశాం" అంటే నేనూ, మన కంప్యూటర్ టీచరు గారూ, తొమ్మిదో తరగతి పిల్లలు ఏడుగురూ.

ముందు ఆ యంత్రాల సంగతి. తెర 11.6 అంగుళాలు. ర్యామ్ 2 జీబీ. డిస్క్ 32 జీబీ. అదీ విడిగా ఊడదీసి మార్చే డిస్క్ కాదు, బోర్డుకే అతికించిన ఈఎంఎంసీ చిప్పు. వాటిలో వచ్చిన సిస్టం అప్‌డేట్ కావాలంటే ఖాళీ చాలదు. ఖాళీ చేద్దామంటే తీసెయ్యడానికి ఏమీ లేదు. ఆన్ చేశాక ఫ్యాను లేని ఆ డబ్బా వేడెక్కుతూ, ఒక గుండ్రం తిప్పుతూ, పిల్లల పీరియడ్ అయిపోయేదాకా అలా ఉండేది. వాడకం ఎందుకు మానేశారో టీచరు గారిని అడగనక్కర్లేదు.

ఇది మన బడి ఒక్కదాని కథ కాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మన పద్దెనిమిదిలో ఒక్కటీ ఆ గుమ్మం దాటదు. కానీ వాటి కీబోర్డులు బాగున్నాయి, తెరలు బాగున్నాయి. గుమాస్తాకి చత్వారం వస్తే కళ్లజోడు మారుస్తాం గానీ గుమాస్తాని మార్చం కదా.

షాపుకి తీసుకెళితే మూడు వందలు తీసుకుని ఏదో ఒకటి "ఎక్కించి" ఇస్తారు, నిజమే. అది ఎక్కడి కాపీ అని మనం అడగం, వాళ్లు చెప్పరు. ఇంట్లో ఎవరి ఇష్టం వారిది. పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పే బడిలో దొంగ కాపీ మీద కంప్యూటర్ పాఠం చెప్పడం నాకు మొదటినుంచీ గొంతు దిగని విషయం.

అందుకే లినక్స్. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు మొదలుపెట్టిన కెర్నెల్ అది. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అందరూ స్వేచ్ఛగా వాడుకోగల సిస్టం కట్టాలని గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. ఆ రెండూ కలిసినదాన్నే మనం వాడుకలో లినక్స్ అంటున్నాం. ఇదేదో పేదవాడి సరుకు అనుకునేవాళ్ల కోసం ఒక్క మాట: ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటి వెలువడుతుంది, 2017 నవంబర్ నుంచి ఆ జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే. చిన్న ల్యాప్‌టాప్‌కీ దీనికీ పాత చుట్టరికం కూడా ఉంది. 2007లో ఏసస్ వాళ్లు ఈఈఈ పీసీ అని 7 అంగుళాల బుల్లి యంత్రం తెచ్చినప్పుడు, 4 జీబీ డిస్క్‌తో అది లినక్స్ వేసుకునే మార్కెట్లోకి వచ్చింది.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. మేము డెబియన్ ఎంచుకున్నాం. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టారు. తనకు కాబోయే భార్య డెబ్రా పేరూ తన పేరూ కలిపి డెబియన్ అన్నారు. మన దగ్గర లారీ వెనక పిల్లల పేర్లు రాయించుకున్నట్టే. దీన్ని ఎంచుకోవడానికి కారణం పేరు కాదు లెండి. ఒక్కో విడుదలకి మూడేళ్లు పూర్తి మద్దతు, ఆపైన ఇంకో రెండేళ్లు భద్రతా సవరణలు వస్తాయి. ఊరికే మారిపోదు. బడికి కావలసింది అదే.

సరే, మొదటి ఆదివారం. ఇన్‌స్టాలేషన్ జోలికి పోలేదు. పద్దెనిమిదినీ బల్ల మీద వరసగా పెట్టి తిప్పి చూశాం. మూడింటికి అడుగు భాగం ఉబ్బి ఉంది, బల్ల మీద పెడితే ఊగుతున్నాయి. లోపల లిథియం బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అలాంటిదాన్ని చార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆ మూడూ పక్కన పెట్టేశాం. ఇంట్లో అటకమీద పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఈ రోజే వెళ్లి ఒకసారి చూసుకోండి. మిగిలిన పదిహేనింటికీ చార్జర్లు ఎనిమిదే ఉన్నాయి.

తర్వాత వాటిలో ఏమున్నాయో చూశాం. కొత్త సిస్టం వేస్తే పాతదంతా తుడిచిపెట్టుకు పోతుంది కదా. ఒకదానిలో ఎప్పటిదో వార్షికోత్సవం ఫొటోలు, మరోదానిలో పిల్లలు చేసిన భూగోళం ప్రాజెక్టులు. అన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి టీచరు గారికి అప్పగించాం. ఈ పనికి పూట పట్టింది. తొందరపడేవాళ్లు దాటేసేదీ ఇదే.

ఇక ఇన్‌స్టాలేషన్. 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి చాలు. డెబియన్ వెబ్‌సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు దించుకోవాలి. దాన్ని పెన్ డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే కుదరదు. రూఫస్, బలేనా ఎచర్ లాంటి సాధనంతో "రాయాలి". దించుకున్న ఫైలు చెడిపోకుండా వచ్చిందో లేదో చూసుకోవడానికి షా256 అనే పొడుగాటి అంకెల వరస వాళ్లే ఇస్తారు. మన దగ్గర వచ్చిన వరసతో పోల్చి చూడాలి. చిట్టా లెక్క సరిచూసినట్టే. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించుకోవలసిందే. పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూశారు.

పెన్ డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ, ఎఫ్9 గానీ, ఎస్కేప్ గానీ నొక్కితే దేనినుంచి లేవాలో అడుగుతుంది. ఏ కంపెనీ యంత్రానికి ఏ మీట అన్నది ఎవరి ఇష్టం వారిది. తొమ్మిది యంత్రాలు బుద్ధిగా లేచాయి. ఆరు మాత్రం పెన్ డ్రైవ్ ఉన్నట్టే గుర్తించలేదు. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన మెలిక ఉంది. వాటిలో ప్రాసెసర్ 64 బిట్‌ది. కానీ ఆన్ చేయగానే దాన్ని నిద్రలేపే యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్ 32 బిట్‌ది. ఒకప్పుడు చవక ఆటమ్ ప్రాసెసర్లతో వచ్చిన చిన్న యంత్రాల్లో ఈ ఏర్పాటు చాలా చోట్ల కనబడుతుంది. ఇల్లు విశాలమే, గుమ్మం ఇరుకు. మంచం లోపలికి పోదు. చాలామంది ఇక్కడే "ఇది పనికిరాదు" అని వదిలేస్తారు. డెబియన్ వాళ్లు ఈ ఇరుకు గుమ్మానికి సరిపడే బూట్ ఫైలు కూడా తయారుచేసి పెట్టారు. మేము మొదట వాడిన వేరే లినక్స్ పెన్ డ్రైవ్ పక్కన పెట్టి డెబియన్ ఇన్‌స్టాలర్ పెట్టాం. ఆరూ లేచాయి. ఆ గదిలో పిల్లలు కొట్టిన చప్పట్లు విని వాచ్‌మన్ లోపలికి తొంగి చూశాడు.

పూర్తిగా 32 బిట్ ప్రాసెసర్ ఉన్న ఇంకా పాత నెట్‌బుక్‌లు మీ దగ్గర ఉంటే గుర్తుంచుకోండి: డెబియన్ 12తో వాటి ఇన్‌స్టాలర్ ఆఖరు. 2025 ఆగస్టులో వచ్చిన 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు.

ఆ తర్వాత ఇన్‌స్టాలర్ అడిగేవి సులువైన ప్రశ్నలే. భాష, ఊరి సమయం, పాస్‌వర్డ్, డిస్క్ మొత్తం వాడుకోమంటారా అని. వైఫై చిప్పులకి కావలసిన ఫర్మ్‌వేర్ ఒకప్పుడు విడిగా వెతుక్కోవలసి వచ్చేది. దాని మూలం తెరిచి ఉండదు గనక డెబియన్ వాళ్లు తమ ఇన్‌స్టాలర్లో పెట్టేవారు కాదు. 2022లో సభ్యులంతా ఓటు వేసుకుని, వాడేవాళ్ల ఇబ్బంది చూసి పెట్టాలని నిర్ణయించారు. వడ్డించేవాడి మడి కన్నా తినేవాడి ఆకలి ముఖ్యమని ఒప్పుకున్నారన్నమాట. దానిమీద ఇప్పటికీ అలిగినవాళ్లు ఉన్నారు.

డెస్క్‌టాప్ ఎంచుకునే దగ్గర మాత్రం జాగ్రత్త. అందంగా ఉందని గ్నోమ్ పెట్టుకుంటే 2 జీబీకి ఆయాసం వస్తుంది. మేము ఎల్‌ఎక్స్‌క్యూటీ పెట్టాం. ఆన్ చేశాక అది తీసుకునేది అర జీబీకి అటూ ఇటూగా ఉంది. సిస్టం, లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ అన్నీ కలిపి డిస్క్ మీద 8 జీబీ లోపే సరిపెట్టుకున్నాయి.

ఇదంతా ఒక్కో యంత్రానికి అరగంట, ముప్పావుగంట. ఇది అసలు పని కాదు. చాలామంది ఇక్కడితో ఆపి, వాడేవాళ్లకి అప్పగించి, వారం తర్వాత "లినక్స్ బాగాలేదట" అని విని బాధపడతారు. ఇల్లు కట్టి తాళం ఇస్తే కాపురం అయిపోదు. ఆ వచ్చేవాళ్ల చేతికి ఏవి అందాలో అక్కడ సర్దాలి.

మొదటిది, ర్యామ్. 2 జీబీ మనం పెంచలేం. కానీ జడ్‌ర్యామ్ అని ఒక ఉపాయం ఉంది. వెంటనే అక్కర్లేని సమాచారాన్ని కుదించి ర్యామ్‌లోనే ఒక మూల పెడుతుంది. ఊరికెళ్లేటప్పుడు అమ్మ చీరలు బిగించి మడిచి చిన్న పెట్టెలో పది పట్టించినట్టు. డెబియన్‌లో జడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసి, సగం ర్యామ్ దీనికి వాడుకోమని ఒక్క గీత రాస్తే చాలు. డిస్క్ మీద స్వాప్ పెట్టలేదు. ఈఎంఎంసీ చిప్పు రాతలకి అరుగుతుంది, పైగా నెమ్మది. అయినా ఫైర్‌ఫాక్స్‌లో మూడు ట్యాబ్‌లు మించి తెరవొద్దని గోడ మీద కాగితం అంటించాం.

రెండోది, తెర. చిన్న తెర మీద కొన్ని పెట్టెలు కిందికి దిగిపోయి "సరే" బొత్తం కనపడదు. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని మౌస్‌తో కిటికీని ఎక్కడ పట్టి అయినా పైకి లాగొచ్చు. పిల్లలకి ఇది ఒకసారి చూపించాం, తర్వాత వాళ్లే టీచర్లకి చూపించారు. ఇంగ్లీషుకి సరిపోయే అక్షరం సైజు తెలుగుకి చాలదు. మనకి వత్తులు కిందికి వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి; "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఎంత చోటు తీసుకుంటుందో చూడండి. సైజు 13కి పెంచాం.

మూడోది తెలుగు. దీనికి రెండు ఆదివారాలు పట్టింది, నాకేమీ విచారం లేదు. ఫాంట్ల ప్యాకేజీలు రెండున్నాయి. అందులో ఒకదానిలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఉంటాయి. టైపు చెయ్యడానికి ఐబస్ అనే సాధనంలో తెలుగుకి చాలా పద్ధతులు దొరుకుతాయి. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ ఉంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు రూపొందించినది గనక దాని పేరులో ఆ రైస్ ఉంది, మన అన్నం కాదు. టీచర్లకి ఆర్‌టీఎస్ ఇచ్చాం, పిల్లలకి ఇన్‌స్క్రిప్ట్ నేర్పాం. నా అభిప్రాయం చెబుతాను: పిల్లలకి ఇంగ్లీషు గుండా తెలుగు రాయడం నేర్పకూడదు. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతం ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. క కొట్టి ఇ గుర్తు కొడితే కి. పలక మీద గుణింతం దిద్దిన పిల్లకి అది పదిరోజుల్లో పట్టుబడుతుంది. పట్టుబడింది కూడా.

మెనూలు తెలుగులో ఉండాలా వద్దా అని పెద్ద చర్చే జరిగింది. తెలుగు మాస్టారు "దస్త్రం", "భద్రపరచు" చూసి మురిసిపోయారు. పిల్లలు "ఫైల్ ఏది సార్?" అని వెతుక్కున్నారు. చివరికి ప్రతి యంత్రంలో రెండు ఖాతాలు పెట్టాం, ఒకటి ఇంగ్లీషు మెనూలతో, ఒకటి తెలుగు మెనూలతో. మాస్టారి ఖాతా ఎవరూ వాడట్లేదని మాత్రం ఆయనకి చెప్పకండి. ఆయన ముందు వరసలోనే ఉన్నారు, వినేశారు.

నాలుగోది ఇంటర్నెట్ లేనప్పటి సంగతి. మన బడికి ఉన్న కనెక్షన్ మీకు తెలుసు. వికీపీడియాని మొత్తంగా దించుకుని నెట్ లేకుండా చదివే కివిక్స్ అనే సాధనం ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలై ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. అదంతా మెమరీ కార్డులో పెట్టి ప్రతి యంత్రానికీ గుచ్చాం. పదిహేను యంత్రాలూ ఒకే అప్‌డేట్‌ని పదిహేనుసార్లు దించుకోకుండా, ఆఫీసు గదిలోని పాత డెస్క్‌టాప్ మీద ఆప్ట్ క్యాషర్ అనేది పెట్టాం. మొదటి యంత్రం అడిగింది అది దాచుకుంటుంది, మిగతా పద్నాలుగింటికీ అక్కడినుంచే ఇస్తుంది.

కానివి కూడా చెప్పాలి. రెండింటిలో స్పీకరు పలకలేదు, ఇయర్‌ఫోన్లతోనే వాడుతున్నాం. ప్రతి జెరాక్స్ షాపులోనూ కనబడే ఆ చిన్న లేజర్ ప్రింటరు, మన ఆఫీసులోనిది కూడా అదే, లినక్స్‌తో మాట వినదు. పీడీఎఫ్ చేసి ఆఫీసు యంత్రానికి పంపుతున్నాం. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాలు తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. అవి యూనికోడ్ కావు గనక మార్చుకోవాలి. డిజిటల్ సంతకం లాంటివి కావలసిన ఆఫీసు పనులు ఉన్న కంప్యూటర్ మీదే చేసుకోవాలి. దాన్ని మేము ముట్టుకోలేదు, ముట్టుకోం.

ప్రధానోపాధ్యాయురాలు గారు అడిగిన ప్రశ్న అన్నిటికన్నా గట్టిది. "బయట ఉద్యోగాల్లో విండోసే అడుగుతారు కదండీ, పిల్లలు వెనకబడరూ?" అన్నారు. పక్కన కేరళని చూడమన్నాను. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ పాఠాలు, పరీక్షలు నడుస్తున్నాయి. బడుల కోసం వాళ్లే సొంతంగా లినక్స్ కూర్చుకుని పంచుతున్నారు. స్ప్రెడ్‌షీట్‌లో కూడిక సూత్రం రాయడం వచ్చిన పిల్ల ఎందులోనైనా రాస్తుంది. పైగా ఈ పిల్లలకి ఇంకోటి వచ్చింది. పదకొండో యంత్రం నుంచి నేను చెయ్యి పెట్టలేదు.

మూడో ఆదివారం ఆ ఏడుగురిలో ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఇది మా ఇంట్లో అన్నయ్య ల్యాప్‌టాప్‌కి వేస్తే డబ్బు ఎవరికి కట్టాలి?" ఎవరికీ అక్కర్లేదన్నాను. నమ్మలేదు. కాపీ చెయ్యొచ్చు, పంచొచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, మార్చినది ఇతరులకి ఇచ్చేటప్పుడు ఆ మూలం కూడా ఇమ్మని జీపీఎల్ లైసెన్సు చెబుతుందని వివరించాను. కాసేపు ఆలోచించి, "అయితే పెన్ డ్రైవ్ ఈ వారం నేను తీసుకెళ్లొచ్చా?" అంది. తీసుకెళ్లింది. సోమవారం పెన్ డ్రైవ్ వెనక్కి వచ్చింది, దాంతోపాటు "టచ్‌ప్యాడ్ మీద తడితే క్లిక్ అవట్లేదు, ఏం చెయ్యాలి?" అని చీటీ వచ్చింది. దానికీ సెట్టింగ్‌లో ఒక గడి ఉంది.

ఇక కార్యవర్గానికి నా విన్నపం. పదిహేను యంత్రాలు పనిచేస్తున్నాయి. బయట వరండాలో పెట్టాం, భోజనాల తర్వాత పిల్లలే చూపిస్తారు. అమ్మకం తీర్మానం వెనక్కి తీసుకోండి. ఉబ్బిన బ్యాటరీలు మూడూ పాత సామాన్ల వాడికి కాకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే అధికారిక కేంద్రానికి చేర్చండి. నిధిలో కొంత చార్జర్లకి, మెమరీ కార్డులకి, గదిలో ప్లగ్గు పాయింట్లకి ఇవ్వండి. మిగతాది లైబ్రరీకి వాడతారో, లేబొరేటరీకి వాడతారో మీ ఇష్టం.

మిత్రులకి: మీ ఇళ్లలో పడి ఉన్న ల్యాప్‌టాప్‌లు ఇవ్వదలచుకుంటే వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తీసుకురండి. చార్జర్ తప్పకుండా తేవాలి. ఫొటోలు, బ్యాంకు కాగితాలు ముందే తీసుకోండి, మేము తుడిచేశాక రావు. బయోస్‌కి ఎప్పుడైనా పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే అది తీసేసి గానీ, చీటీ మీద రాసి గానీ ఇవ్వండి. అది లేకపోతే యంత్రం పెన్ డ్రైవ్ నుంచి లేవనివ్వదు.